పిట్టగోడ లేని మిషను



పోయిన నెల రాసిన దానిలో మా మందిరంలోకి కొత్త బల్లలు వచ్చిన సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేశాము. అది చదివి నలుగురు ఫోన్ చేశారు. అందులో ఇద్దరు మా వంటి పల్లె సేవకులే. అందరిదీ ఒకటే ప్రశ్న. "అయ్యగారూ, బల్లలు మీవాళ్ళే చేసుకున్నారట గదా. ఆ కరెంటు రంపం ఏది కొన్నారు? మనవాళ్ళు పట్టగలరా?"

కంపెనీ పేరు చెబితే ఒక్క నిమిషంలో అయిపోయే జవాబే. కాని ఆ జవాబు మాకు ఊరికే రాలేదు. దాని వెనక మా సంఘంలో ఒక తమ్ముడి ఎడమచేతి చూపుడువేలు ఉంది. అందుకని ఫోన్లో చెప్పకుండా ఇక్కడ రాస్తామని వాళ్ళకు మాటిచ్చాము.

సంగతి హుద్‌హుద్ తుఫానుతో మొదలవుతుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖ చుట్టుపక్కల వాళ్ళకు ఆ తేదీ గుర్తు చేయనక్కర్లేదు. హెచ్చరిక ముందే వచ్చింది గనుక ఆ ఉదయం ఆరాధన పెట్టలేదు. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి అని తరువాత పేపర్లో చదివాము గాని, ఆ వేళ మాకు తెలిసింది చప్పుడు ఒక్కటే. మందిరం రేకులు కాగితాల్లాగా లేచిపోవడం ఇంటి కిటికీ సందులోంచి చూశాము. నడుమ కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని బయటికొచ్చిన వాళ్ళు మళ్ళీ లోపలికి పరుగెత్తారు, ఎందుకంటే ఈసారి గాలి ఎదురు వైపు నుంచి వచ్చింది. సాయంత్రానికి మందిరం పక్కన ఉన్న వేపచెట్టు వేళ్ళతో సహా నేల మీద ఉంది.

రేకులు మళ్ళీ వేసుకున్నాము. చెట్టు సంగతే తేలలేదు. కట్టెల అడితీ అతను వచ్చి బేరమాడాడు. సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. మందిరం కట్టక ముందు మా కూటాలన్నీ ఆ చెట్టు నీడలోనే జరిగాయి. పొయ్యిలోకి పోకూడదన్నారు. సరే, మొద్దును ట్రాక్టరు మీద కోత మిల్లుకు తోలించి పలకలు కోయించాము. మా ఊరి వడ్రంగి ఆచారిగారు వచ్చి, పలకకూ పలకకూ నడుమ సన్నని బద్దలు పెట్టి, గాలి ఆడేటట్టు షెడ్డులో పేర్పించారు. అంగుళం మందానికి ఏడాది ఆరనివ్వాలని ఆయన లెక్క. ఆయన మన విశ్వాసి కాదు. అయినా మందిరం పని అంటే కూలి తగ్గించి చేసే మనిషి.

2017 వేసవికి పలకలు బాగా ఆరాయి. మందిరంలో అప్పటికి చాపలే. ముసలి తల్లులు మోకాళ్ళ నొప్పులతో గోడకు ఆనుకుని కూర్చునేవారు. వీబీయస్‌కు వచ్చే పిల్లలు బోర్లా పడుకుని రాసుకునేవారు. బల్లలు కావాలి. ఆచారిగారు గీతలు గీసి చూపిస్తానన్నారు. కోతకు మా తమ్ముడు ఉన్నాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు. గాజువాక వైపు ఒక వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు, ఆదివారం మందిరంలో డోలక్ వాయించేవాడు. ఏ పనిముట్టయినా రెండు నిమిషాల్లో మచ్చిక చేసుకునే చెయ్యి.

చేతిరంపంతో మొదలుపెట్టారు. ఎండిన వేప మొండి చెక్క. రోజంతా కోస్తే రెండు పలకలు. "మిషను కొందాం అయ్యగారూ" అన్నాడు తమ్ముడు. ఇద్దరమూ బస్సెక్కి విశాఖ వెళ్ళాము.

షాపులో రెండు మిషన్లు చూపించారు. ఒకటి అసలైన సర్క్యులర్ సా. ఏడంగుళాల పైచిలుకు బ్లేడు, పైన ఒక కప్పు, కింద స్ప్రింగు మీద తిరిగే ఇంకో కప్పు. కోస్తున్నప్పుడు కింది కప్పు చెక్క తగిలి వెనక్కి తొలుగుతుంది, కోత అయిపోగానే టక్కున వచ్చి బ్లేడును మూసేస్తుంది. రెండోది మార్బుల్ కట్టర్. రాళ్ళు కోయడానికి చేసిన మిషను. దానికి నాలుగంగుళాల చెక్క బ్లేడు బిగిస్తే చెక్కా కోస్తుంది. పైన సగం కప్పు ఉంటుంది, కింద ఏమీ ఉండదు. పళ్ళు బోసిగా తిరుగుతూ ఉంటాయి. తిరగడం కూడా మామూలుగా కాదు. సర్క్యులర్ సా నిమిషానికి ఐదు వేల చుట్ల దగ్గర తిరిగితే ఇది పన్నెండు వేలు దాటుతుంది.

రెంటికీ ధరలో ఐదు వేల తేడా.

"అందరూ ఇదే పట్టుకెళ్తారు సార్" అన్నాడు షాపు కుర్రాడు కట్టర్ చూపించి. అబద్ధం కాదు. విశాఖలో ఏ అపార్టుమెంటు పని దగ్గరికి వెళ్ళి చూసినా వడ్రంగుల చేతిలో అదే. తమ్ముడు కూడా, "ఏటీ అవదండి అయ్యగారూ, మా షాపు పక్కోళ్ళు పదేళ్ళ నుంచి దీంతోనే కోస్తన్నారు" అన్నాడు. కట్టరే కొన్నాము. ఇక్కడ మేము అంటే సంఘం కాదు, పెద్దలూ కాదు. పాస్టరే. డబ్బు పాస్టరు చేతిలో ఉంది, ఆ ఐదు వేలతో ఇంకో రెండు బల్లలకు బోల్టులు, వార్నిషు వస్తాయన్న లెక్క కూడా పాస్టరుదే.

ఇంటికి తెచ్చి మందిరంలో బల్ల మీద పెట్టి, చేతులుంచి, ప్రార్థన చేశాము. దీనిని వాడే చేతులను కాపాడమని అడిగాము. ఆ ప్రార్థన మాకు బాగా గుర్తుంది. చాలా పొడుగ్గా చేశాము.

నాలుగో రోజు మధ్యాహ్నం. తమ్ముడు పలకకు రెండు చివర్లా రెండు ఇటుకలు పెట్టి నడుమ కోస్తున్నాడు. ఎడమ చేత్తో పలకను అదిమిపట్టాడు, కుడి చేత్తో మిషను. స్విచ్చి నొక్కి పట్టుకోనక్కర్లేకుండా లాక్ బొత్తాం వేశాడు. ఇప్పుడైతే అందులో ఎన్ని తప్పులున్నాయో పిల్లవాడికి కూడా చెప్పగలము. చివర్లలో ఆనించి నడుమ కోస్తే, కోత లోతయ్యే కొద్దీ పలక నడుం కిందికి కుంగుతుంది. కుంగితే కోసిన సందు పైన మూసుకుంటుంది. తిరుగుతున్న బ్లేడును ఆ సందు పట్టకారులా పట్టేస్తుంది. అప్పుడు బ్లేడు ఆగదు, మిషనే వెనక్కి లేస్తుంది. మిషను తన్నింది అంటారు వడ్రంగులు. అలాగే తన్నింది. తమ్ముడి కుడి చెయ్యి దాన్ని వదిలేసింది, కాని లాక్ వేసి ఉంది గనుక మిషను ఆగలేదు. కింద కప్పు లేదు. అది పడ్డ చోట ఎడమ చెయ్యి ఉంది.

తువ్వాలుతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తించి, ఆటోలో కేజీహెచ్‌కు తీసుకెళ్ళాము. తెగిన ముక్కను ఎవరో ఐసు గడ్డల్లో వేసి తెచ్చారు. అలా నేరుగా ఐసులో వేయకూడదట. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచాలని డాక్టరుగారు చెప్పారు. అయితే మా విషయంలో ఎలా తెచ్చినా ఒకటే. కత్తితో తెగినట్టు రంపం తెంచదు, నలిపేస్తుంది. అతకడానికి ఏమీ మిగలలేదు. చూపుడువేలు మొదటి కణుపు వరకు పోయింది. మూడు నెలలు పనిలోకి వెళ్ళలేకపోయాడు. మేము మిగిల్చిన ఐదు వేలు మందులకే పది రోజుల్లో అయిపోయాయి.

తరువాతి ఆదివారం సాక్ష్యం చెప్పుకున్నాము. మిషను ఎగిరి మెడకో, ముఖానికో తగిలి ఉంటే ఏమయ్యేది, దేవుడు ఎంతగా కాపాడాడు అని ప్రసంగంలో కూడా అన్నాము. అందరూ ఆమెన్ అన్నారు. కూటం అయ్యాక తమ్ముడి తల్లి గడప దగ్గర ఆగింది. చదువు లేని మనిషి, నోరెత్తి మాట్లాడే మనిషి కూడా కాదు.

"దేవుడు పేణం కాపాడేడు అయ్యగారూ. ఏలు మనం సూసుకోవాల్సింది గదా" అంది.

కోపంగా అనలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం తెరిచాము. 8వ వచనం. కొత్త ఇల్లు కట్టేవాడు మేడ మీద చుట్టూ పిట్టగోడ కట్టాలని, కట్టకపోతే ఎవరైనా పడి చస్తే ఆ రక్తం ఇంటి మీదికి వస్తుందని అక్కడి ఆజ్ఞ. సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో ఆ అధ్యాయాన్ని పరీక్ష కోసం గబగబా దాటేశాము. పక్షి గూడు, పిట్టగోడ, రెండు రకాల విత్తనాలు, ఇవన్నీ ఆ కాలపు చిన్న చిన్న నియమాలు అని నోట్సులో ఒక్క లైను రాసుకున్నాము. ఇప్పుడు చూస్తే ఆ ఆజ్ఞ పడేవాడికి ఇచ్చింది కాదు. జాగ్రత్తగా నడవమని అతనికి చెప్పడం లేదు. కట్టేవాడికి చెబుతోంది. మేడ మీద చేసే ప్రార్థన సంగతి అందులో లేదు, ఇటుకల సంగతే ఉంది.

అదే గ్రంథం 19వ అధ్యాయంలో ఇంకొకటి ఉంది. ఇద్దరు అడవికి చెట్టు నరకడానికి వెళితే గొడ్డలి పిడి నుంచి ఊడి పక్కవాడికి తగిలి చనిపోతే, కొట్టినవాడు పారిపోయి బ్రతకడానికి ఆశ్రయపురాలు. పనిముట్టు చేసే కీడు గురించి మోషే ధర్మశాస్త్రం ఇంత ఆలోచించిందని అప్పటిదాకా మేము పట్టించుకోలేదు. రెండవ రాజులు 6వ అధ్యాయంలో యొర్దానులో పడిన గొడ్డలి తేలిన అద్భుతం మీద మాత్రం ఏడెనిమిది ప్రసంగాలు చేసి ఉంటాము. మాలాంటివాళ్ళకు అద్భుతం మీద ఉన్నంత మోజు పిడి బిగింపు మీద ఉండదు.

పలకలు మళ్ళీ షెడ్డులోకి వెళ్ళాయి. కట్టర్ గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాము. తమ్ముడు కొన్నాళ్ళు డోలక్ ముట్టలేదు. తరువాత మిగిలిన వేళ్ళతో ఏదో తంటాలు పడి నేర్చుకున్నాడు. దెబ్బ కొంచెం మారింది, మాకు అలవాటైపోయింది. పెళ్ళయింది, పాప పుట్టింది. ఎవరూ బల్లల మాట ఎత్తలేదు.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళాక ఒక సాయంత్రం అతనే వచ్చాడు. "అయ్యగారూ, ఆ చెక్క ఇంకెన్నాళ్ళు అలాగుంచుతారు?" అన్నాడు. మాకు జవాబు రాలేదు. "నేనే కోస్తాను. ఈసారి మిషను నేను ఏరతాను" అన్నాడు.

ఇక ఫోన్ చేసిన వాళ్ళు అడిగిన దానికి వస్తాము. ఈసారి ఆచారిగారిని కూడా వెంటబెట్టుకుని డాబాగార్డెన్స్ వైపు వెళ్ళాము. మూడు షాపులు తిరిగాము. ఎర్ర మిషనా, నీలం మిషనా, పచ్చ మిషనా అని మేము పేర్లు చూస్తూ ఉంటే, ఆచారిగారు పెట్టెలోంచి తీయించి ముందు చేతిలోకి తీసుకున్నారు. వైరు పెట్టకుండానే గాలిలో కోస్తున్నట్టు నడిపి చూశారు. "పాస్టరుగారూ, చెప్పులు కొన్నప్పుడు కాలు పెట్టి చూడరా? ఇదీ అంతే" అన్నారు.

ఏడుంపావు అంగుళాల మిషను సుమారు నాలుగు కిలోలుంటుంది. ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నదే ముఖ్యం. ఒక్క చేత్తో వెనక పిడి పట్టుకుంటే ముక్కు కిందికి వాలిపోయే మిషన్లు ఉన్నాయి. మణికట్టు అరగంటలో నొప్పి పుడుతుంది, నొప్పి పుట్టిన చెయ్యి గీత తప్పుతుంది. స్విచ్చి చూపుడువేలికి అందాలి, వేలు చాచి వెతుక్కోకూడదు. బొటనవేలి దగ్గర ఒక చిన్న బొత్తాం ఉంటుంది, అది నొక్కితేనే స్విచ్చి కదులుతుంది. పొరపాటున ఆన్ కాకుండా పెట్టింది అది. తమ్ముడు అన్నిటికంటే ముందు అదే చూశాడు. వేలు తీయగానే ఆగిపోతుందా, లాక్ ఏమైనా ఉందా అని మూడు షాపుల్లోనూ అడిగాడు. లాక్ ఉన్నదాన్ని పక్కకు నెట్టాడు.

తరువాత కింది కప్పు. దాన్ని పిడితో పైకెత్తి వదిలి చూడాలి. ఒక్కసారి కాదు, పదిసార్లు. ప్రతిసారీ టక్కున మూసుకోవాలి. ఒక షాపులో నమూనాకు పెట్టిన మిషనుకు అది సగంలో ఆగిపోయింది. "కొత్తది గదా సార్, వాడగా వాడగా వదులవుతుంది" అన్నాడు కుర్రాడు. మేము బయటికి వచ్చేశాము. కింది పళ్ళెం, అంటే చెక్క మీద ఆనే ఇనుప రేకు, వంకర లేకుండా ఉండాలి. ఆచారిగారు జేబులోంచి చిన్న మూలమట్టం తీసి బ్లేడుకూ పళ్ళానికీ నడుమ పెట్టి చూశారు. షాపువాళ్ళకు అది నచ్చలేదనుకుంటాము. చివరికి తొంభై డిగ్రీలు సరిగ్గా ఉన్నది, కార్బన్ బ్రష్షులు విశాఖలోనే దొరికేది, తమ్ముడి చేతికి నప్పింది ఒకటి తీసుకున్నాము. ఆ కంపెనీ పేరు రాయడం లేదు. మీ చెయ్యి వేరు, మా చెయ్యి వేరు.

ఐదంగుళాల చిన్నది చాలదా అని ఒక సేవకుడు అడిగారు. ప్లైవుడ్డుకు, సన్నని పలకలకు చాలు, తేలిక కూడా. మా వేప పలకలు అంగుళంన్నర, కాళ్ళకు వాడే దుంగలు రెండున్నర అంగుళాలకు కొంచెం లోపు. ఏడుంపావు బ్లేడు నిలువుగా పెడితే అరవై అయిదు మిల్లీమీటర్ల దాకా దిగుతుంది, ఏటవాలుగా పెడితే ఇంకా తగ్గుతుంది. దాన్ని బట్టి చూసుకోండి. బ్యాటరీది కొంటే వైరు బాధ లేదు గాని రెండు బ్యాటరీలు కలిపితే మా వంటి సంఘాలకు అందే ధర కాదు. వైరుదైతే పల్లెల్లో ఇంకో సంగతి చూడాలి. ఈ మిషను పన్నెండు వందల నుంచి పదహారు వందల వాట్ల దాకా తీసుకుంటుంది. సీరియల్ లైట్ల వైరు లాంటి సన్నని ఎక్స్‌టెన్షన్ పెట్టి, సాయంత్రం ఊరంతా లైట్లు వెలిగాక కోస్తే, మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది. మేము పెద్ద ప్లగ్గు నుంచి లావు వైరు లాగించాము. ఉదయం పూటే కోస్తాము.

బ్లేడు మిషనుతో వచ్చిందే చాలనుకోవద్దు. పళ్ళు తక్కువున్నది, ఇరవై నాలుగు పళ్ళది, చెక్క పొడుగునా చీల్చడానికి. నలభై పళ్ళది అన్నిటికీ. ప్లైవుడ్డు అంచు పెచ్చులు లేవకూడదంటే అరవై. బ్లేడు మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, అది మిషను వేగం కంటే ఎక్కువ ఉండాలి. పాత కట్టరుతో మేము ఆ అంకె ఎప్పుడూ చూడలేదు. మొద్దుబారిన బ్లేడుతో కోయవద్దు. కాలిన వాసన వస్తుంది, నెట్టాల్సి వస్తుంది, నెట్టినప్పుడే చెయ్యి జారుతుంది. ప్రసంగి 10వ అధ్యాయంలో మొద్దు ఇనుము గురించి, చెట్లు నరికేవాడికి కలిగే అపాయం గురించి పక్కపక్కనే రాసి ఉంది. రాసినవాడు ఎప్పుడో గొడ్డలి పట్టిన మనిషే అయి ఉంటాడని మాకు అనిపిస్తుంది.

కొన్నాక వారం రోజులు బల్లల జోలికి పోలేదు. ఆచారిగారి ఆజ్ఞ. పనికిరాని ముక్కల మీద గీతలు గీసి కోయడమే. మేము కూడా నేర్చుకున్నాము. నలభై దాటిన వయసులో మొదటిసారి స్విచ్చి నొక్కినప్పుడు ఆ చప్పుడుకు భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. తమ్ముడు నవ్వి, "ఊపిరి వదలండి అయ్యగారూ" అన్నాడు. బిగబట్టి పట్టుకుంటే మిషను మాట వినదు. వదులుగా పట్టుకుంటే అసలే వినదు. నడుమ ఒక పట్టు ఉంది, అది చెబితే వచ్చేది కాదు.

చేతిరంపానికీ దీనికీ ఉన్న తేడా ఆ వారంలోనే మాకు తెలిసింది. చేతిరంపం మన చెయ్యి ఆగితే ఆగుతుంది. పరధ్యానం వచ్చిందా, కోత ఆగిపోతుంది, నష్టమేమీ లేదు. ఇది మన చెయ్యి ఆగినా ఆగదు. 1777లో ఇంగ్లండులో శామ్యూల్ మిల్లర్ అనే ఆయన తీసుకున్న పేటెంటులో గుండ్రని రంపం ప్రస్తావన ఉంది. అమెరికాలో షేకర్లు అనే క్రైస్తవ సమాజంలో టాబితా బాబిట్ అనే సహోదరి గురించి కూడా ఒక కథ చెబుతారు. ఇద్దరు మగవాళ్ళు పెద్ద రంపం అటూ ఇటూ లాగుతుంటే సగం లాగుడు వృథా పోతోందని చూసి, నూలు వడికే రాట్నాన్ని తలుచుకుని, గుండ్రంగా చేస్తే వృథా ఉండదని ఆలోచించిందట. చేతిలో పట్టుకునే కరెంటు రంపం 1920లలో వచ్చింది. వృథా పోయే ఆ సగం లాగుడే మనిషికి ఊపిరి తీసుకునే సందు అని మాకు అనిపిస్తుంది. అది తీసేశాక దాని చోట ఇంకేదైనా పెట్టాలి. కప్పు పెట్టారు. ఆ కప్పుకు మేము ఐదు వేలు లెక్క కట్టాము.

కోసే తీరు ఇప్పుడు మాకు ఇలా ఉంది. పలకను చేత్తో పట్టుకోము, క్లాంపు బిగిస్తాము. రెండు చేతులూ మిషను మీదే ఉంటాయి. నడుమ కోసేటప్పుడు పలక కింద నాలుగు ఆధారాలు పెడతాము, గీతకు అటు రెండు, ఇటు రెండు. చివర కోసేటప్పుడు తెగిన ముక్క తనంతట తాను కిందపడేలా వదిలేస్తాము, పట్టుకోవడానికి ఎవరినీ నిలబెట్టము. పొడుగు కోతలో రెండడుగులు వెళ్ళాక వెనక సందులో చిన్న చెక్క చీలిక దింపుతాము, సందు మూసుకోకుండా. బ్లేడు లోతు పలక మందం కంటే ఒక్క పన్ను దిగేటంత మాత్రమే. కింద ఎంత తక్కువ కనబడితే అంత మంచిది. ఈ మిషనులో పళ్ళు కింది నుంచి పైకి కోస్తాయి గనుక పెచ్చులు పై ముఖాన లేస్తాయి. అందుకని చూడముచ్చటగా ఉండాల్సిన ముఖం కిందికి తిప్పి, గీత వెనక వైపు గీయాలి. ఇది తెలియక మొదటి బల్ల పైభాగమంతా చిలక కొరికినట్టు చేశాము. అది ఇప్పుడు వెనక వరుసలో ఉంది.

గీతకు ఎదురుగా నిలబడకూడదు, కొంచెం ఎడమకు. తన్నితే మిషను ఆ గీత వెంటే వెనక్కి వస్తుంది. బ్లేడు పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకు తాకించాలి, పూర్తిగా ఆగాకే కింద పెట్టాలి. బ్లేడు మార్చాలంటే ప్లగ్గు పీకి, ప్లగ్గును కంటికి కనబడే చోట పెట్టుకోవాలి. కింది కప్పుకు అడ్డంగా మేకో, చెక్కముక్కో పెట్టి తెరిచి ఉంచే అలవాటు కొందరికి ఉంది, గీత బాగా కనబడుతుందని. పోయిన వేసవిలో పక్క ఊరి కుర్రాడు సాయానికి వచ్చి అదే చేయబోయాడు. తమ్ముడు ఒక్క మాట అనలేదు. ఎడమ చెయ్యి చాపి చూపించాడు.

లుంగీలు లేవు, వదులు చేతితొడుగులు లేవు. కళ్ళద్దాలు, మాస్కు తప్పవు. వేప పొట్టు గొంతులోకి పోతే సాయంత్రం తాగే టీ కూడా చేదే. మా సంఘంలో ఒక సోదరి ఇప్పుడు అడ్డకోతలు మా అందరి కంటే బాగా కోస్తుంది. గాజులు తీసి, చీర మీద భర్త పాత చొక్కా వేసుకుని, పైట లోపలికి దోపుకుని వస్తుంది. మగవాళ్ళు నెడతారు, ఆమె నెట్టదు. మిషను ఎంత తింటే అంతే పెడుతుంది. తేడా అదే.

వేప పలకలు పన్నెండు బల్లలకు సరిపోయాయి. పిల్లల పీటలకు చెక్క చాలక, గాజువాక వైపు పాత సామాను అమ్మేవాళ్ళ దగ్గర ప్యాకింగ్ పెట్టెల చెక్క కొన్నాము. పోర్టుకు ఓడల్లో వచ్చే సరుకుల పెట్టెలవి. తెల్లని పైన్ చెక్క, తేలిక, చవక. అది కొనేవాళ్ళు రెండు సంగతులు చూసుకోండి. చెక్క మీద కాల్చిన ముద్ర ఉంటుంది, గోధుమకంకి బొమ్మ, ఐపీపీసీ అనే అక్షరాలు. దాని పక్కన హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. మేము ఎంబీ ముక్కలు పిల్లల పీటలకు వాడలేదు, కోయనూ లేదు. రెండోది మేకులు. పైకి కనబడకుండా విరిగి లోపల ఉండిపోతాయి. మందిరంలో చెడిపోయిన సౌండ్ బాక్సు విప్పి దాని అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ప్రతి ముక్క మీదా రుద్దాము. ఆ మొదటి రోజే పదిహేడు మేకులు బయటపడ్డాయి. పిల్లలకు అది ఆటైపోయింది, ఆదివారం బడి అయ్యాక మేకులు వెతకడానికి పోటీపడేవారు.

పాత కట్టరును ఏం చేశారని ఎవరూ అడగలేదు గాని, అది కూడా చెప్పాలి. అటక మీంచి దింపాము. కొంటామని ఒకరు వచ్చారు, వడ్రంగమే ఆయన పని. చెక్క కోయడానికా అని అడిగితే అవునన్నారు. ఇవ్వలేదు. చెక్క బ్లేడు విరగ్గొట్టి, రాళ్ళ బ్లేడు బిగించి, బండలు పరిచే మేస్త్రీకి ఇచ్చాము. ఆయన నీళ్ళు పోసుకుంటూ కడప రాళ్ళు కోసుకుంటున్నాడు. అది పుట్టిన పని అదే.

మొదటి బల్ల తయారైన ఆదివారం తమ్ముడి తల్లిని పిలిచి కూర్చోబెట్టాము. ఆమె పలక అంచు మీద చెయ్యి రాసి చూసింది. ఏమీ అనలేదు. పాటలు మొదలయ్యాక డోలక్ వైపు తిరిగి కూర్చుంది.

ఇంకా నాలుగు పీటలు మిగిలాయి. ఇది రాస్తున్న ఈ ఉదయం కూడా షెడ్డులోకి వెళ్ళాము. గృహకూటం నుంచి నేరుగా వచ్చామేమో, మిషను పిడి మీద చెయ్యి వేశాము. తమ్ముడు ప్లగ్గు పీకేశాడు.

"అయ్యగారూ, ముందు ఆ కండువా తీసి అక్కడ పెట్టండి."

తీసి పెట్టాము.